నేత్రనాడి రహస్యమును ఛేదించిన రోజర్ స్పెర్రీ

ఇంద్రియములన్నింటిలో నేత్రము ప్రధానమని పెద్దలు చెప్పుదురు. కాని నిజముగా చూచునది కన్ను కాదు, మెదడు. కన్ను వెలుగును గ్రహించి సంకేతములుగా మార్చును. ఆ సంకేతములను మెదడునకు చేరవేయు దారికి నేత్రనాడి యని పేరు. మానవుని యొక్కొక్క నేత్రనాడి యందు సుమారు 10 లక్షల సన్నని పోగులు కలవు. ఆ నాడి తెగినచో మానవునకు చూపు తిరిగి రాదు. అట్లుండ, వానకాలమున చెరువు గట్టున కూర్చుండి అరచు కప్పకు ఆ నాడి తెగినను మరల మొలచును. కొన్ని వారములలో చూపు యథాప్రకారము వచ్చును. ఎదిగిన కప్పకును, నీటి బల్లి వంటి న్యూట్ అను జంతువునకును ఈ శక్తి కలదు.

ఇందొక గొప్ప చిక్కు ఇమిడియున్నది. తెగిన పోగులు లక్షల కొలది. అవి గాయపు మచ్చలో చిక్కుపడి, ఒకదానిపై నొకటి పడి పెరుగును. అట్టి గందరగోళము నుండి వెలువడిన పోగులు మెదడులో ఏది ఎచ్చటికి పోవలెనో ఎట్లు తెలిసికొనును? ఎవరైనను దారి చూపుదురా? లేక అవి ఎట్లు పోయినను జంతువు అభ్యాసముచేత చూపును చక్కదిద్దుకొనునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకి కనుగొన్న మహాశయుడు రోజర్ ఉల్కాట్ స్పెర్రీ.

స్పెర్రీ 1913వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన అమెరికా దేశమునందలి కనెక్టికట్ రాష్ట్రమున, హార్ట్‌ఫర్డ్ నగరమున జన్మించెను. తండ్రి ఫ్రాన్సిస్ బ్యాంకు ఉద్యోగి. తల్లి ఫ్లారెన్స్ వ్యాపార విద్య నభ్యసించిన వనిత. రోజర్‌నకు రస్సెల్ అను సోదరుడొకడు కలడు. అతడు తరువాతి కాలమున రసాయనశాస్త్రజ్ఞుడయ్యెను. రోజర్‌నకు 11 సంవత్సరముల వయస్సున తండ్రి మరణించెను. తల్లి ధైర్యము చెడక, స్థానిక ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయునకు సహాయకురాలిగా కుదురుకొని, కుమారుల నిద్దరిని పెంచి పెద్దచేసెను. బాలుడైన రోజర్ పెద్ద పెద్ద చిమ్మటలను పట్టి తెచ్చి పెంచుచు, వాని గ్రుడ్లు పురుగులై, పురుగులు గూళ్లు కట్టి, రెక్కలతో వెలువడు తీరును ఓపికతో చూచుచుండెడివాడు. కొంచెము పెద్దవాడైన పిమ్మట అడవి జంతువులను తెచ్చి మచ్చిక చేసికొనెడివాడు. ప్రాణుల నడవడిని కన్నులార చూచి తెలిసికొను అలవాటు ఆయనకు చిన్ననాడే అబ్బెను.

విద్యార్థి వేతనము లభించుటచేత ఒహాయో రాష్ట్రమునందలి ఓబర్లిన్ కళాశాలలో చేరెను. అది చాలక, కళాశాల ఫలహారశాలలో వడ్డన చేసి ఖర్చులు గడపుకొనెను. ఆటపాటలలో ఆరితేరినవాడు, బాస్కెట్‌బాల్ జట్టునకు నాయకుడుగా నుండెను. 1935లో ఆయన పట్టము పొందినది ఆంగ్ల సాహిత్యమున. అయినను మనస్తత్వశాస్త్రమున తొలి పాఠములు విన్ననాడే, ప్రాణుల నడవడికి మూలమేది, చైతన్యమునకు ప్రయోజనమేమి యను రెండు ప్రశ్నలను తన పుస్తకమున వ్రాసికొనెనట. ఆ రెండు ప్రశ్నలే జీవితాంతము ఆయనను వెన్నాడెను. ఓబర్లిన్‌లోనే స్టెట్సన్ పండితుని యొద్ద మనస్తత్వశాస్త్రము నభ్యసించి 1937లో రెండవ పట్టము పొంది, అటుపిమ్మట చికాగో విశ్వవిద్యాలయమున జంతుశాస్త్ర పరిశోధనకై పాల్ వైస్ అను ఆచార్యుని శిష్యుడయ్యెను.

వైస్ ఆస్ట్రియా దేశమున జన్మించి అమెరికాకు వచ్చిన పండితుడు. ఆ కాలమున నరముల పెరుగుదలను గూర్చి ఆయన మాటయే ప్రమాణము. సాలమాండర్ అను ఉభయచరమునకు ఉన్న కాలి ప్రక్కన మరియొక కాలిని అతికించగా, క్రొత్త కాలు సైతము పాత కాలితో పాటు ఒకే విధముగా కదలుట ఆయన చూపెను. దీనినిబట్టి నరములు ఏ కండకు ఎట్లు కలిసినను దోషము లేదనియు, మెదడు పంపు సంకేతములలో తనకు తగినదానిని కండ తానే ఏరుకొనుననియు ఆయన సిద్ధాంతము చేసెను. నరముల యమరికకు ప్రాధాన్యము లేదు. అభ్యాసమే సర్వమును చక్కదిద్దును. ఇదియే ఆనాటి పండితులలో పెక్కుమంది నమ్మిన మతము.

ఈ నమ్మకము విద్వత్సభలకే పరిమితము కాలేదు. ఆనాటి శస్త్రవైద్యులు ముఖము పక్షవాతముచే వాలిపోయిన రోగులకు, భుజమును కదల్చు నరమును తెచ్చి ముఖపు నరమునకు అతుకుచుండిరి. కాలక్రమమున మెదడు నేర్చుకొని, ఆ నరముతోనే నవ్వును చిరునవ్వును తెప్పించునని వారి ఆశ. కాని రోగి భుజము నెత్తినపుడెల్ల ముఖము కదలుట పలుచోట్ల కనిపించుచుండెను. గురువు సిద్ధాంతము తప్పైనచో, ఎందరో రోగులకు కల్పించిన ఆశ సైతము తప్పగును. ఇట్టి సిద్ధాంతమును శిష్యుడు పరీక్షకు పెట్టెను.

స్పెర్రీ ఎలుకల వెనుక కాలియందు పాదమును పైకెత్తు కండకును, క్రిందికి దించు కండకును పోవు నరములను తారుమారు చేసి అతికించెను. నరములు అతుకుకొనెను, కండలకు బలము వచ్చెను. కాని ఎలుక పాదము నెత్తదలచినపుడు అది దిగును, దించదలచినపుడు లేచును. ఎంత శిక్షణ నిచ్చినను, ఎన్ని నెలలు గడచినను ఆ తప్పు దిద్దబడలేదు. మరికొన్ని ఎలుకలకు కుడి పాదపు స్పర్శ నరమును ఎడమవైపు అతికించెను. ఒక పాదమునకు నొప్పి కలిగినపుడు అవి రెండవ పాదమును ఎత్తుచుండెను. మెదడు ఏ నరము వెంట వార్త వచ్చిన ఆ నరపు పూర్వస్థానమునే నమ్ముచున్నదని తేలెను. ఈ పరిశోధనతో 1941లో ఆయన డాక్టరు పట్టము పొందెను. యుద్ధకాలమున నరముల గాయములను గూర్చి అమెరికా ప్రభుత్వము జరిపించిన పరిశోధనలలో పాల్గొనెను. నరములను, కండలను తారుమారు చేయుటవలన కలుగు ఫలితములను గూర్చి పూర్వులు వ్రాసినదంతయు ఏర్చి కూర్చి పరీక్షించి, 1945లో ఒక పెద్ద సమీక్షను ప్రకటించి, మెదడు అన్నింటిని దిద్దుకొనునను నమ్మకమునకు తగిన సాక్ష్యము లేదని నిరూపించెను.

డాక్టరు పట్టము పిమ్మట స్పెర్రీ హార్వర్డ్ విశ్వవిద్యాలయ పండితుడైన కార్ల్ లాష్లీ యొద్ద చేరి, 1942 నుండి ఫ్లారిడా రాష్ట్రమున ఆరెంజ్ పార్కునందలి యెర్కిస్ ప్రయోగశాలలో పనిచేసెను. అది వానరముల ప్రయోగశాల. స్పెర్రీకి పేరు తెచ్చినవి మాత్రము నీటి తొట్లలో పెంచిన న్యూటులును కప్పలును. న్యూటుల నేత్రనాడి తెగినను చూపు తిరిగి వచ్చునని స్విట్జర్లాండు పండితుడు రాబర్ట్ మాతే 1925లోనే చూపియుండెను. చూపు వచ్చుట అందరికిని తెలిసిన సంగతియే. అది యెట్లు వచ్చుచున్నదను ప్రశ్నయే తేలవలసియుండెను.

స్పెర్రీ పన్నిన ఉపాయము చూచుటకు సులభము, చేయుటకు కష్టము. వ్రేలి గోరంత కన్నును దాని గుంటలోనే ఉంచి, సగము చుట్టు త్రిప్పి, పైభాగము క్రిందికిని ముందుభాగము వెనుకకును వచ్చునట్లు నిలిపెను. నేత్రనాడిని గూడ తెగకోసెను. నాడి మొలచి చూపు వచ్చిన తరువాత జంతువు లోకమును తిన్నగా చూచినచో, అభ్యాసమే పోగులను నడపుచున్నదని అర్థము. తలక్రిందులుగా చూచినచో, పోగులు అభ్యాసముతో పనిలేక తమ పూర్వస్థానములకే తిరిగి చేరినవని అర్థము. ఎటు తేలినను సందేహమునకు తావుండదు.

వారములు గడచెను. చూపు తిరిగి వచ్చెను. కాని తలక్రిందులుగా వచ్చెను. ఎరను పైన చూపిన జంతువు క్రిందికి దూకును. ముందు చూపిన వెనుకకు తిరుగును. తల వెనుక మీదుగా ఈగను చూపగా కప్ప ముందునకు వంగి నోటినిండ బురదను కరచుకొనుచుండెను. చుట్టును చారల తెరను త్రిప్పిన మామూలు న్యూటు తెర తిరుగు దిక్కునకే తిరుగును. ఈ న్యూటు దానికి ఎదురు దిక్కున తిరుగుచుండెను. నాడిని కోయక కన్నును మాత్రమే త్రిప్పినను ఫలితమిదియే. నెలలు గడచినను ఆ జంతువులు తమ తప్పును తెలిసికొనలేదు. ఆకలితో ఎన్నిసార్లు తప్పినను, ఎర ప్రక్కనే యున్నను, అవి నేర్చుకొనలేదు. మానవుని విషయము వేరు. లోకమును తలక్రిందులు చేయు అద్దములను 1890 దశకమున స్ట్రాటన్ అను పండితుడు తానే ధరించి, కొలది దినములలో నడక, పని సర్దుకొనుటను గమనించెను. కప్పకు అట్టి సర్దుబాటు లేదు. కనుకనే పోగుల అసలు నడత కప్పయందు కప్పిపుచ్చబడక కానవచ్చెను.

1943 నుండి 1945 వరకు ఆయన ఈ ఫలితములను వరుసగా ప్రకటించెను. అంతటితో తృప్తిపడక, ప్రశ్నను మరి నాలుగు ప్రక్కల నుండి పరీక్షించెను. కప్పల మెదడులో ఎడమ కంటి నాడి కుడివైపునకును, కుడి కంటి నాడి ఎడమవైపునకును పోవుట ప్రకృతి నియమము. ఆయన ఆ నాడులను తారుమారు చేసి తప్పు వైపులకు అతికించెను. అవి మొలచిన పిదప, ఎడమవైపు ఈగ కనబడిన కప్ప కుడివైపునకు దూకుచుండెను. మరియొకమారు, చూపు తిరిగి వచ్చిన కప్పల మెదడులోని చూపు మండలమున చిన్న భాగమును నాశనము చేసి, చూపులో ఏ చోట అంధకార మేర్పడునో పరీక్షించెను. మామూలు కప్పయందు ఏ చోట ఏర్పడునో ఆ చోటనే యేర్పడెను. పోగులు తమ తమ స్థానములకే చేరినవనుటకు ఇంతకన్న సాక్ష్యమేమి కావలయును?

దీనినుండి స్పెర్రీ ఒక సిద్ధాంతమును నిర్మించెను. గ్రామము రూపురేఖలు మారిపోయినను, వరదకు గట్లు కొట్టుకొనిపోయినను, ప్రతి పొలమునకును సర్వే నంబరు కలదు గనుక హద్దులు తిరిగి తేల్చవచ్చును. అట్లే కంటి తెరయందలి ప్రతి కణమునకును దాని స్థానమును తెలుపు రసాయన చిహ్నమొకటి కలదనియు, మెదడులోని ప్రతి స్థానమునకును దానికి సరిపడు చిహ్నము కలదనియు, పెరుగుచున్న పోగు తన చిహ్నమునకు తగిన చోటును వెదకికొని చేరుననియు ఆయన ఊహించెను. ఆ చిహ్నములను ఎవరును చూడలేదు. వానిని పట్టి చూపగల సాధనములు ఆనాటికి లేవు.

ఇది గురువునకు ఎదురు నడుచుట. వైస్ సిద్ధాంతమును శిష్యుడే పడగొట్టెను. రెండవ గురువైన లాష్లీ సైతము మెదడులో స్థానములకు అంత ప్రాధాన్యము లేదని నమ్మినవాడే. తరువాతి కాలమున స్పెర్రీ పిల్లుల మెదడులో అభ్రకపు రేకులను, సన్నని లోహపు తీగలను నాటి, అయినను వాని ఆకార జ్ఞానము చెక్కుచెదరకుండుటను చూపి, ఆనాడు ప్రచారమునందున్న విద్యుత్ క్షేత్ర సిద్ధాంతమును గూడ పరీక్షించెను. గురువు నేర్పిన విద్యతోనే గురువు మాటను తూచుట మన శాస్త్రచర్చలలో సైతము పూర్వపక్ష సిద్ధాంతములుగా వెలసిన సంప్రదాయమే. స్పెర్రీ గురువులతో వాదములాడి కాలము గడపలేదు; ప్రయోగము మీద ప్రయోగము చేసి, ఫలితములను ముందుంచెను.

1946లో ఆయన చికాగో విశ్వవిద్యాలయమునకు తిరిగి వచ్చెను. 1949 డిసెంబరు 28న నార్మా గే డ్యూప్రీ అను వనితను వివాహమాడెను. ఆ సంవత్సరమే ఆయనకు క్షయవ్యాధి యున్నట్లు బయటపడెను. ప్రయోగశాలను విడచి న్యూయార్క్ రాష్ట్రమునందలి పర్వత ప్రాంతమైన శారనాక్ లేక్ ఆరోగ్యనిలయమున చికిత్స పొందవలసి వచ్చెను. పడకయందు పడియుండియు ఆయన మనస్సు పని మానలేదు. మెదడునకును మనస్సునకును గల సంబంధమును గూర్చి ఆ కాలముననే వ్రాసిన వ్యాసము 1952లో ప్రకటింపబడెను. కోలుకొనిన పిమ్మట జాతీయ ఆరోగ్య సంస్థలలో కొంతకాలము పనిచేసి, 1954లో కాలిఫోర్నియా రాష్ట్రమున పాసడీనా నగరమునందలి కాల్టెక్ విద్యాసంస్థలో ఆచార్యపదవి నలంకరించి, జీవితాంతము అచ్చటనే యుండెను. ఆ దంపతులకు ఒక కుమారుడును ఒక కుమార్తెయు కలిగిరి.

1963లో ఆయన తన రసాయన చిహ్నముల సిద్ధాంతమును పూర్ణరూపమున ప్రకటించెను. డొమెనికా అత్తార్ది అను శాస్త్రజ్ఞురాలితో కలిసి బంగారు చేపలపై చేసిన ప్రయోగములు దానికి బలము నిచ్చెను. కంటి తెరలో సగమును తొలగించి నాడిని కోయగా, మిగిలిన సగపు పోగులు మొలచి, దారిలోనున్న ఖాళీ చోట్లను విడచి, తమకు నియతమైన స్థానమునకే చేరుట కనిపించెను. ఖాళీగానున్న పరుల పొలమును ఆక్రమింపక తన పొలమునకే పోయిన రైతు వలె అవి ప్రవర్తించెను. తరువాతి పరిశోధకులు ఈ మాటకు కొంత సవరణ చేసిరి. చాలకాలము గడచినచో మిగిలిన పోగులు ఖాళీ చోట్లలోనికి కొంత విస్తరించుననియు, ఒక్కొక్క పోగునకు ఒక్కొక్క విడి చిహ్నము గాక, క్రమముగా హెచ్చుతగ్గులగు చిహ్నములే యుండుననియు, పోగుల నడుమ పోటీయు, చూపు పనిచేయుటయు అమరికను మరింత నిశితము చేయుననియు తేలెను. మూలసూత్రము మాత్రము నిలిచెను.

ఇంతలో స్పెర్రీ మెదడు రెండు భాగములను కలుపు వంతెనను గూర్చిన పరిశోధనలకు దిగెను. ఆయన శిష్యుడు రోనాల్డ్ మైయర్స్ పిల్లులయందు ఆ వంతెనను కోసి చూపగా, ఒక భాగము నేర్చినది రెండవ భాగమునకు తెలియకుండుట వెల్లడియయ్యెను. మందులకు లొంగని మూర్ఛవ్యాధిచే బాధపడు రోగులకు బోగెన్, ఫోగెల్ అను వైద్యులు 1962 నుండి ఆ వంతెనను కోయు శస్త్రచికిత్స చేసిరి. ఆ రోగులను స్పెర్రీయు, ఆయన శిష్యులును ఓపికతో పరీక్షించి, మెదడు ఎడమభాగము మాటలాడుటలోను, కుడిభాగము ఆకారములను, స్థానములను గుర్తించుటలోను ప్రత్యేక ప్రజ్ఞ కలవని నిరూపించిరి. ఈ కృషికి 1981లో వైద్యశాస్త్ర నోబెలు బహుమానమున సగభాగము స్పెర్రీకి లభించెను. మిగిలిన సగము డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీసెల్ అను ఇద్దరు పండితులకు లభించెను. పిల్లిపిల్ల కంటిని పసితనమున మూసియుంచినచో మెదడులో ఆ కంటి స్థానము క్షీణించునని వారు చూపిరి. జన్మసిద్ధమైన అమరికను చూపినవానికిని, పసినాటి యనుభవపు బలమును చూపినవారికిని ఒకే బహుమానము పంచబడుట ఆలోచింపదగిన విశేషము. పొలము హద్దులు పుట్టుకతోనే యేర్పడియున్నను, సకాలమున నీరు పెట్టి సాగుచేయకున్న అది బీడగును గదా.

స్పెర్రీ మితభాషి. తీరిక వేళల బొమ్మలు చెక్కుట, శిలలలో నిక్షిప్తమైన ప్రాచీన నత్తజాతి జీవుల అవశేషములను సేకరించుట ఆయనకు ప్రీతి. కడపటి సంవత్సరములలో కండలను, నరములను క్షీణింపజేయు వ్యాధి ఆయనను పీడించెను. నరముల రహస్యములను జీవితమంతయు శోధించిన పండితునకు నరముల వ్యాధియే శత్రువగుట విధి చేసిన వింత. 1994 ఏప్రిల్ 17వ తేదీన, 80 సంవత్సరముల వయస్సున, పాసడీనాలో పరమపదించెను.

ఆయన మరణించిన మరుసటి సంవత్సరమే, 1995లో, జర్మనీ యందును అమెరికా యందును రెండు పరిశోధక బృందములు వేర్వేరుగా ఆయన ఊహించిన రసాయన చిహ్నములను పట్టుకొనెను. అవి మాంసకృత్తులు. వానికి తరువాత ఎఫ్రినులని పేరిడిరి. మెదడులోని చూపు మండలమున ఒక అంచు నుండి రెండవ అంచునకు అవి క్రమముగా హెచ్చుచుండును. కంటి పోగులపై వానిని గుర్తించు సాధనములు సైతము అట్లే హెచ్చుతగ్గులుగా నుండును. పల్లము వెంట నీరు తన మట్టమును వెదకికొన్నట్లు ప్రతి పోగును తన స్థానమును వెదకికొనును. బురదను కరచిన కప్పలను చూచి స్పెర్రీ ఊహించిన చిహ్నములు అర్ధశతాబ్దమునకు పిమ్మట ప్రత్యక్షమయ్యెను. ఒక్క సంవత్సరము జీవించియున్నచో ఆయన ఆ వార్తను చెవులార వినియుండెడివాడు.

మానవుని నేత్రనాడి ఏల మొలవదను ప్రశ్న ఇంకను పూర్తిగా తీరలేదు. ఆ పోగులకు పెరుగు శక్తి సర్వవిధముల నశింపలేదని మాత్రము తెలిసినది. 1980 దశకమున కెనడా దేశమున అగ్వాయో పండితుడును ఆయన సహచరులును, కాలి నరపు ముక్కను దారిగా అమర్చినచో ఎలుక కంటి పోగులు సైతము దూరము పెరుగునని చూపిరి. క్షీరదముల మెదడునందు పోగులను చుట్టియున్న పొరలోని కొన్ని పదార్థములు పెరుగుదలను అడ్డుకొనునని తేలినది. మానవునకు చికిత్సగా ఇది యింకను ఫలింపలేదు. కావుననే శుక్లమునకును నీటి కాసులకును గల భేదము నెఱిగియుండుట మేలు. శుక్లము కంటి కటకమే మసకబారుట గనుక శస్త్రచికిత్సతో చూపు మరల వచ్చును. నీటి కాసులు నేత్రనాడినే తినివేయును. పోయిన చూపు రాదు, మిగిలిన చూపును మాత్రమే కాపాడుకొనవచ్చును. నలువది దాటినవారు, ఇంటిలో ఆ వ్యాధి కలవారు కంటి వైద్యునిచే పరీక్ష చేయించుకొనుటలో ఆలస్యము చేయరాదు.

సాహిత్య విద్యార్థిగా బయలుదేరి, ఒక అరలోని పుస్తకములతో తృప్తిపడక, మనస్తత్వమును, జంతుశాస్త్రమును, శస్త్రవిద్యను వరుసగా చేపట్టినవాడు స్పెర్రీ. చిమ్మటల గూళ్ల యొద్ద కూర్చుండిన బాలుని ఓపికయే కప్పల తొట్ల యొద్దను ఆయనకు తోడుపడెను. తొలకరి రాత్రి చెరువులో కప్పలు బెకబెకలాడుచున్నపుడు చదువరులు విసుగుచెందక ఒక్క క్షణము ఆలకింతురు గాక. మానవజాతి తన కంటిని గూర్చి తెలిసికొన్నదానిలో కొంత ఆ అల్పజీవులు నేర్పినదే.